నొప్పి పోయిన పన్ను

(ధర్మనిధి స్మారకోపన్యాస పాఠం)



ఎవరి పేరిట ఈ ఉపన్యాసం జరుగుతోందో ఆ డాక్టరుగారు దంతవైద్యులు కారు, జనరల్ ప్రాక్టీసు చేసిన మనిషి. అయినా పన్ను నొప్పని ఎవరైనా వస్తే రెండు మాత్రలిచ్చి పంపేసేవారు కాదు. పగలా రాత్రా, చల్లటికా వేడికా, వచ్చి పోతోందా పట్టుకుని కూర్చుంటోందా అని ఓపిగ్గా అడిగి, ఆ వివరమంతా చీటీ మీద రాసి మాలాంటి వాళ్ళ దగ్గరికి పంపేవారు. ఆ చీటీ చేతికొచ్చేసరికి మా పని సగం అయిపోయేది. అందుకే ఇవాళ పంటి నొప్పినే విషయంగా తీసుకున్నాను. కమిటీ వారు ఏదైనా గంభీరమైన విషయం మాట్లాడమన్నారు. అర్ధరాత్రి దవడ పట్టుకుని వరండాలో పచార్లు చేసినవాళ్ళెవరైనా ఈ సభలో ఉంటే, ఇంతకంటే గంభీరమైన విషయం లేదని వాళ్ళే ఒప్పుకుంటారు.

చెప్పదలుచుకున్నది ముందే చెప్పేస్తాను. నొప్పి ఎంతుంటే జబ్బు అంత, నొప్పి పోతే జబ్బు పోయినట్టు అని మనందరికీ ఒక లెక్క ఉంది. కాలు బెణికినప్పుడు ఆ లెక్క చాలావరకు సరిపోతుంది. పంటి దగ్గర అది తప్పుతుంది. ఒక్కోసారి పూర్తిగా తలకిందులవుతుంది.

ముందు నొప్పి సంగతి. దెబ్బ తగిలిన చోట పుట్టేది నరాల చివళ్ళు పంపే కబురు మాత్రమే. దాన్ని నొప్పిగా మార్చేది మెదడు. నొప్పి మీద పనిచేసే అంతర్జాతీయ సంఘం 1979లో ఒక నిర్వచనం ఇచ్చి, 2020లో దాన్ని సవరించింది. దాని సారం ఏమిటంటే, ఒంటికి హాని జరిగినా, జరగబోతున్నా, జరిగినట్టు తోచినా కలిగే బాధాకరమైన అనుభవమే నొప్పి; అందులో ఇంద్రియాల పాత్ర ఎంతో మనసు పాత్ర కూడా ఉంది. రెండో ప్రపంచయుద్ధంలో హెన్రీ బీచర్ అనే అమెరికన్ వైద్యుడు ఇటలీ రంగంలో తీవ్రంగా గాయపడ్డ సైనికుల్ని నొప్పి మందు కావాలా అని అడిగాడు. నాలుగింట మూడు వంతులమంది అక్కర్లేదన్నారు. అలాంటి గాయాలే తగిలిన మామూలు జనం మందు కోసం గోల పెట్టడం ఆయన ఎరుగును. సైనికుడికి ఆ గాయంతో యుద్ధం ముగిసింది, ఇక ఇల్లు చేరొచ్చు. మామూలు మనిషికి అదే గాయంతో కష్టాలు మొదలవుతాయి.

యుద్ధం దాకా ఎందుకు, పళ్ళ దగ్గరే ఇంతకంటే మంచి ఉదాహరణ ఉంది. 1978లో కాలిఫోర్నియాలో లెవీన్, గోర్డన్, ఫీల్డ్స్ అనే ముగ్గురు పరిశోధకులు జ్ఞానదంతాలు తీయించుకున్న వారి మీద ఒక ప్రయోగం చేశారు. మత్తు దిగి నొప్పి మొదలయ్యాక వాళ్ళకు మందేమీ లేని ఇంజెక్షన్ ఇచ్చారు. కొందరికి నిజంగానే నొప్పి తగ్గింది. ఆ తర్వాత నాలోక్సోన్ ఇచ్చారు. నల్లమందు జాతి మందుల పనిని అడ్డుకునే మందు అది. దాంతో, ఉత్త ఇంజెక్షన్‌కు ఉపశమనం పొందిన వారికి నొప్పి మళ్ళీ పెరిగింది. అంటే ఆ ఉపశమనం వట్టి భ్రమ కాదు. మందు పడిందన్న నమ్మకంతో మెదడు తన సొంత నల్లమందును తానే విడుదల చేసుకుంది. ప్రయోగం మీద తర్వాత వాదోపవాదాలు నడిచాయిగానీ అసలు విషయం నిలబడింది. కుర్చీలో కూర్చున్న మనిషితో డాక్టరు నాలుగు మంచి మాటలు మాట్లాడటం మర్యాద మాత్రమే కాదని మా విద్యార్థులకు చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి సాక్ష్యం దొరకలేదు.

పన్ను నొస్తుంటే ఎవరూ చెప్పకుండానే అరచేత్తో చెంప అదిమి పట్టుకుంటాం. దానికీ కారణముంది. మెల్జాక్, వాల్ అనే శాస్త్రవేత్తలు 1965లో ప్రతిపాదించిన సిద్ధాంతం ప్రకారం, స్పర్శను మోసుకొచ్చే లావుపాటి నరాల పోగులు నొప్పి కబురును దారిలోనే కొంత ఆపగలవు. ముఖానికి సంబంధించి ఆ పని మెదడు కాండంలో జరుగుతుంది.

ఇక పన్ను. పైన తెల్లగా కనిపించే ఎనామెల్ ఒంట్లోకెల్లా గట్టి పదార్థం. బరువులో దాదాపు 96 శాతం ఖనిజమే. అందులో నరం లేదు, రక్తం లేదు, ఒక్క జీవకణం కూడా లేదు. అందుకే అరిగితే మళ్ళీ పెరగదు, పుచ్చుతుంటే నొప్పి తెలియదు. దాని కింద డెంటిన్. చదరపు మిల్లీమీటరుకు పదుల వేల సూక్ష్మ నాళాలు దాంట్లో ఉంటాయి, వాటి నిండా ద్రవం. డెంటిన్ మధ్యలో గుజ్జు. నరాలూ రక్తనాళాలూ అక్కడే ఉంటాయి. ముందు పంట్లో ఆ గుజ్జు ఒక చుక్క నీళ్ళంత కూడా ఉండదు. రాత్రంతా మనిషిని కూర్చోబెట్టేది ఆ కాస్త గుజ్జే.

ఐస్‌క్రీం కొరికితే జివ్వుమంటుంది కదా, ఆ చల్లదనం నరం దాకా చేరేలోపే జివ్వుమంటుంది. ఇదెలాగన్నది చాలాకాలం తేలలేదు. స్వీడన్‌కు చెందిన మార్టిన్ బ్రాన్‌స్ట్రోమ్ 1960లలో చూపించింది ఇది: చిగురు జారి డెంటిన్ బయటపడ్డ చోట చల్లటిది తగిలితే నాళాల్లోని ద్రవం చటుక్కున బయటివైపు కదులుతుంది. ఆ కదలికే లోపలి నరపు కొసను లాగుతుంది. చల్లగాలికీ అంతే. తీపికీ అంతే, చక్కెర పాకం ద్రవాన్ని తనవైపు గుంజుకుంటుంది. పూతరేకు తింటే పన్ను లాగిందని ఎవరైనా అంటే నవ్వొద్దు. పచ్చి మామిడికాయ తిన్నాక పళ్ళు పులిసి అన్నం నమలలేకపోవడం మనకు చిన్నప్పటి నుంచీ తెలిసిందే. ఆ పులుపు నాళాల మూతుల్ని కాసేపు తెరిచి పెడుతుంది. బొగ్గుతో, ఇటుకపొడితో, గట్టి బ్రష్షుతో రంపం కోసినట్టు అడ్డంగా తోమేవాళ్ళకు పంటి మెడ దగ్గర గాడి పడుతుంది, ఆ గాడిలో నాళాలు ఎప్పుడూ తెరిచే ఉంటాయి. ఈ రకం నొప్పికి పొటాషియం నైట్రేట్ ఉన్న పేస్టు పనిచేస్తుంది. కాకపోతే కొన్ని వారాలు పడుతుంది. రెండు రోజులు వాడి పారేసేవాళ్ళే ఎక్కువ.

2021లో జర్మన్, అమెరికన్ పరిశోధకుల బృందం మరో అడుగు ముందుకు వేసింది. డెంటిన్‌ను తయారుచేసే కణాల్లో ట్రిప్‌సి5 అనే ప్రోటీన్ చలిని పసిగడుతుందని ఎలుకల మీద పరీక్షించి, మనుషుల పళ్ళలోనూ చూశారు. పుచ్చి వాచిన పళ్ళలో అది మరీ ఎక్కువగా కనిపించింది. ఆ ప్రోటీన్‌ను అడ్డుకునే పదార్థాల్లో ఒకటి యూజినాల్, అంటే మన లవంగ నూనెలో ఉన్న సరుకే. మీలో ఎవరైనా దంతవైద్యుడి గది గుమ్మంలో నిలబడగానే ఆ ఘాటు వాసనకు వెనక్కి తిరిగి ఉంటే, అది చాలావరకు యూజినాల్ వాసనే. జింక్ ఆక్సైడ్ పొడిలో దాన్ని కలిపి తాత్కాలికంగా రంధ్రం పూడుస్తాం. అలాగని ఇంట్లో లవంగ నూనె సీసా వంచుకోకండి, చిగురు కాలుతుంది. దూది మీద ఒక చుక్క వేసి రంధ్రంలో పెడితే చాలు. ఆస్పిరిన్ మాత్రను పంటి పక్కన దవడలో అదిమి పెట్టుకుని, తెల్లగా కాలిన చెంపతో వచ్చేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. మాత్ర మింగితే పనిచేస్తుంది, పెట్టుకుంటే కాలుస్తుంది.

పుచ్చు ఎలా వస్తుందో అందరికీ తెలుసు, క్లుప్తంగా ముగిస్తాను. తీపినీ పిండి పదార్థాన్నీ నోట్లోని బాక్టీరియా పులియబెట్టి ఆమ్లం చేస్తుంది. ఆ ఆమ్లానికి పంటి మీద పీహెచ్ సుమారు 5.5 కంటే కిందికి దిగితే ఎనామెల్ కరగడం మొదలవుతుంది. 1890లో విలబీ మిల్లర్ ఈ సిద్ధాంతాన్ని గ్రంథస్థం చేశాడు. అంతకుముందు వేల ఏళ్ళు ప్రపంచమంతా పంటి పురుగునే నమ్మింది. 1728లోనే ఫ్రాన్స్‌లో పియర్ ఫొషార్ అలాంటి పురుగేదీ లేదని తేల్చినా ఆ నమ్మకం పోలేదు. మన పల్లెల్లో వాకుడు గింజలు నిప్పుల మీద వేసి, ఆ పొగ నోటికి పట్టించి పురుగులు రాల్చేవారు. యూరప్‌లో ఇదే పని కురాసాని వాము గింజలతో చేసేవారు. వేడికి గింజ పగిలి బయటికొచ్చే తెల్లటి మొలక అచ్చం పురుగులాగే ఉంటుంది. పొగ పట్టాక కొందరికి నొప్పి తగ్గేమాట నిజమే. ఎందుకు తగ్గేదో ఇప్పుడు చెప్పబోతున్నాను.

ఒంట్లో చాలాచోట్ల వాపు వస్తే ఆ చోటు ఉబ్బుతుంది, ఉబ్బడానికి జాగా ఉంటుంది. పుచ్చు లోతుకు దిగి వాచిన పంటి గుజ్జుకు ఆ వీలు లేదు. చుట్టూ గట్టి గోడలు, కింద వేరు కొసన సన్నటి రంధ్రం. రక్తం ఎక్కువగా వచ్చి చేరేకొద్దీ లోపల ఒత్తిడి పెరుగుతుంది. మొదటి దశలో చల్లటికి జివ్వుమని క్షణంలో పోతుంది. అది వేగంగా కబురు మోసే ఎ-డెల్టా పోగుల పని. ఈ దశలో పుచ్చు తీసి ఫిల్లింగ్ చేస్తే గుజ్జు కోలుకుంటుంది. తర్వాతి దశలో నిదానంగా కబురు మోసే సి పోగులు రంగంలోకి దిగుతాయి. అప్పుడు నొప్పి తనంతట తానే మొదలవుతుంది. పోటు, సలుపు, గుండె కొట్టుకున్నట్టు పంటిలో కొట్టుకుంటుంది. పడుకుంటే తలవైపు రక్తపు ఒత్తిడి పెరిగి ఇంకా ఎక్కువవుతుంది. పైగా రాత్రిపూట మనసు మళ్ళించుకోవడానికి వేరే పని కూడా ఉండదు.

ఈ దశ చివర్లో ఒక మనిషి కనిపిస్తాడు. ఏ ఊరి దంతవైద్యుణ్ణి అడిగినా అతన్ని గుర్తుపడతారు. చేతిలో చన్నీళ్ళ సీసా ఉంటుంది. బస్సులో వచ్చినంతసేపూ గుక్క పుక్కిట పట్టి, అది వెచ్చబడగానే ఉమ్మేసి, మరో గుక్క పడుతూనే వస్తాడు. పేరు అడిగితే వేలు చూపిస్తాడు, నోట్లో నీళ్ళున్నాయని. సీసా చూడగానే మాకు సగం రోగనిర్ణయం అయిపోతుంది. ఇంతకుముందు చల్లదనానికి ఎగిరిపడ్డ పన్నే ఇప్పుడు చల్లదనం లేకపోతే ఉండలేదు. కాఫీ తగిలితే ప్రాణం పోతుంది. చల్లటి నీళ్ళకు రక్తనాళాలు ముడుచుకుని లోపలి ఒత్తిడి కాస్త తగ్గుతుందని అనుకుంటున్నాం. ఈ గుజ్జు ఇక కోలుకోదు. రూట్ కెనాల్ చేయాలి, లేదా పన్ను తీసేయాలి.

ఆ మనిషి ఆ రోజు బస్సు దొరక్క ఇంట్లోనే ఉండిపోయాడనుకుందాం. రెండు మూడు రోజుల్లో నొప్పి తగ్గిపోతుంది. మెడికల్ షాపులో ఇచ్చిన మాత్రలు పనిచేశాయంటాడు. పొగ పట్టించుకున్నవాడు పొగ అంటాడు, మొక్కుకున్నవాడు మొక్కు అంటాడు. నిజానికి జరిగింది గుజ్జు చచ్చిపోవడం. కబురు పంపే నరమే లేకపోతే నొప్పెక్కడిది? బాక్టీరియా మాత్రం తీరిగ్గా వేరు కొస దాటి ఎముకలోకి దిగుతూ ఉంటుంది. కొన్నాళ్ళకు ఆ పన్ను మిగతావాటికంటే ఎత్తుగా ఉన్నట్టు, పళ్ళు కలిపితే ముందు అదే తగులుతున్నట్టు అనిపిస్తుంది. ఒక్కోసారి చిగురు మీద చిన్న పొక్కు లేచి చీము కారిపోతుంటుంది. ఒత్తిడి లేదు కాబట్టి ఏళ్ళ తరబడి నొప్పీ ఉండదు. చీముకు అలా దారి దొరకని రోజున దవడ కింద వాపు దిగుతుంది. అది మెడకు పాకి, నాలుక పైకి లేచి, మింగడం, ఊపిరి తీసుకోవడం కష్టమైతే దాన్ని లుడ్విగ్స్ ఆంజైనా అంటారు. 1836లో దాన్ని వర్ణించిన జర్మన్ వైద్యుడి పేరది. ఆ స్థితిలో దంతవైద్యుడి అపాయింట్‌మెంటు కోసం చూడకూడదు, నేరుగా పెద్దాసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్ళాలి.

యాంటీబయాటిక్స్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి, ఇది నా పాత కోపం. గుజ్జు వాపుకు అమాక్సిసిలిన్ ఏమీ చేయదు. అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 2019లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా, పంటికి నేరుగా చికిత్స చేయడానికి వీలున్నప్పుడు, జ్వరం, వాపు పాకడం లాంటి లక్షణాలు లేనప్పుడు అవి వాడొద్దనే చెప్పాయి. మన దగ్గర పన్ను నొప్పని కౌంటర్ దగ్గర నిలబడితే చీటీ అడక్కుండా ఐదు రోజుల కోర్సు చేతిలో పెడతారు. ఆ ఐదు రోజుల్లో గుజ్జు ఎలాగూ చస్తుంది, పేరు మాత్రకు వస్తుంది. డాక్టర్ని చూసే దాకా ఓర్చుకోవడానికి ఐబుప్రోఫెన్, పారాసిటమాల్ మేలు. అయితే కడుపులో పుండు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు, గర్భిణులు ఐబుప్రోఫెన్ జోలికి పోకూడదు.

ఏ పన్ను అన్నది ఇంకో చిక్కు. గుజ్జు నొప్పి ఉన్న మనిషి పై పన్ను చూపిస్తే జబ్బు కింది పంట్లో ఉండొచ్చు, కింది పన్ను చూపిస్తే పైదాంట్లో ఉండొచ్చు. ముఖమంతటి కబుర్లూ ట్రైజెమినల్ అనే ఐదో కపాల నరం ద్వారా మెదడు కాండంలో ఒకేచోటికి చేరతాయి. పళ్ళ నుంచి, చెంప కండరం నుంచి, చెవి దగ్గర నుంచి వచ్చే పోగులు కొన్ని ఒకే కణం మీద దిగుతాయి. అపార్టుమెంటులో అన్ని ఫ్లాట్లకూ కలిపి ఒకటే బెల్లు ఉంటే మోగిందెవరి ఇంట్లోనో వాచ్‌మన్‌కు ఎలా తెలుస్తుంది? కుడివైపు నొప్పి ఎడమకు దాటదన్నది ఒక్కటే మాకు ఊరట. అదే వాపు వేరు చుట్టూ ఉన్న పొరకు పాకిందంటే రోగి వేలుపెట్టి చూపించగలడు, ఎందుకంటే చోటు చెప్పగల నరాలు ఆ పొరలో ఉన్నాయి. పై పన్ను పీకిస్తే చూపు పోతుందన్న భయం ఇప్పటికీ వింటుంటాను. చూపు నరం రెండోది, పంటి నరం ఐదోది. ఒకదానికొకటి సంబంధం లేదు.

కబుర్లన్నీ ఒకేచోట కలిసే ఈ కలగాపులగం వల్ల పంటిది కాని నొప్పి కూడా పంటి నొప్పిగా వస్తుంది. జలుబు ముదిరి సైనస్ నిండితే పై దవడ పళ్ళు వరసగా నొస్తాయి, ముందుకు వంగితే ఎక్కువవుతాయి. మెట్లెక్కినప్పుడు కింది దవడ లాగి, ఆగి కూర్చుంటే తగ్గుతోందంటే చూపించుకోవాల్సింది పన్ను కాదు, గుండె. అన్నిటికంటే అన్యాయమైంది ట్రైజెమినల్ న్యూరాల్జియా. ముఖం కడుక్కుంటే, గడ్డం గీసుకుంటే, ఒక్కోసారి గాలి తగిలినా కరెంటు షాక్ కొట్టినట్టు కొన్ని సెకన్లు. మళ్ళీ ఏమీ లేనట్టు. జాన్ ఫాదర్‌గిల్ 1773లోనే దీన్ని వివరంగా వర్ణించాడు, 1960ల నుంచి కార్బమాజెపిన్ మందు ఉంది. అయినా ఒకటి తర్వాత ఒకటిగా మంచి పళ్ళు పీకించుకుని, ఖాళీ చిగురుతో, అదే నొప్పితో వచ్చిన పెద్దవాళ్ళను నేను చూశాను. పీకినవాళ్ళు మా వృత్తివాళ్ళే. రోగి చూపించాడని పీకామంటారు. ఎక్స్‌రేలో ఏమీ లేదు, తట్టి చూస్తే నొప్పి లేదు, చల్లటికి మామూలుగానే ఉంది. అలాంటప్పుడు చేతిలోని పటకారు కింద పెట్టాలి.

కంటికి కనిపించేది కూడా ఇలాగే మోసం చేస్తుంది. నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పెరిగినవారి పళ్ళు గోధుమరంగు మచ్చలతో చూడలేనట్టు ఉంటాయి, కానీ సాధారణంగా నొప్పి ఉండదు. ఆ ఊళ్ళ నొప్పంతా కీళ్ళలో, వెన్నులో. మరోవైపు వక్క కొరికో, అన్నంలో రాయి తగిలో సన్నగా బీటవారిన దవడ పన్ను చూడటానికి నిక్షేపంగా ఉంటుంది, ఎక్స్‌రేకు కూడా చాలాసార్లు దొరకదు. కొరికినప్పటికంటే వదిలినప్పుడు చురుక్కుమంటే అక్కడే వెతకాలి. ఉత్తరాంధ్ర తీరంలో చుట్ట వెలిగించిన కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్ళకు అంగిలి మీద వచ్చే మచ్చలు మొదట్లో నొప్పే పెట్టవు. అందులో కొన్ని కాన్సర్‌గా మారతాయి. నొప్పి లేదు కదా అని వాళ్ళు రారు. వాళ్ళ నోళ్ళు చూడాలంటే మనమే ఊళ్ళకు వెళ్ళాలి.

చివరగా మత్తు సంగతి. నొప్పి తెలియకుండా శస్త్రచికిత్స చేయొచ్చని లోకానికి చూపించిన వాళ్ళు దంతవైద్యులే. 1844 డిసెంబరులో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో హొరేస్ వెల్స్ నవ్వుల వాయువు పీల్చి తన పన్నే తీయించుకున్నాడు. మరుసటి నెల బోస్టన్‌లో అందరి ముందూ చేసి చూపించబోతే రోగి అరిచాడు, సభ వెల్స్‌ను మోసగాడని గేలి చేసింది. నొప్పి తెలియలేదని ఆ రోగి తర్వాత చెప్పాడంటారు. అరుపు విన్నవాళ్ళకు ఆ మాట అక్కర్లేకపోయింది. 1846 అక్టోబరులో ఆయన శిష్యుడు మోర్టన్ అదే బోస్టన్‌లో ఈథర్‌తో నెగ్గాడు. 1943లో స్వీడన్‌లో తయారైన లిగ్నోకైన్ అనే మత్తుమందునే ఇవాళ్టికీ మీ చిగురులో ఎక్కిస్తున్నాం.

ఆ మందుకు ఒక బలహీనత ఉంది. వాచిన కణజాలం ఆమ్లంగా ఉంటుంది. ఆ ఆమ్లంలో మందు నరం పొరను దాటే రూపంలోకి సరిగ్గా మారదు. వాపు వల్ల నరం కూడా మామూలుకంటే రెచ్చిపోయి ఉంటుంది. అందుకే మూడు రాత్రులు నిద్రలేక వచ్చిన మనిషి కింది దవడ పంటికి ఇంజెక్షన్ చేస్తే పెదవి మొద్దుబారుతుంది గానీ పన్ను మొద్దుబారదు. పంటి పక్క పొరలోకి, అవసరమైతే గుజ్జులోకే మరోసారి ఇవ్వాల్సివస్తుంది. అదే మనిషి చల్లటికి జివ్వుమన్న మొదటి వారంలోనే వచ్చి ఉంటే చాలాసార్లు ఒక్క ఇంజెక్షన్‌తో పనైపోయేది. నొప్పికి భయపడి వాయిదా వేసేవాళ్ళకే కుర్చీలో ఎక్కువ నొప్పి తెలుస్తుంది. ఆ అనుభవం ఇంటికెళ్ళి చెబితే విన్న పిల్లలు మరో పదేళ్ళు వాయిదా వేస్తారు. ఆ వాయిదాలు ఆపడానికే మా విద్యార్థులు బడులకు వెళ్ళి పిల్లల పళ్ళు చూడబోతున్నారు. ఆ పిల్లల తల్లిదండ్రులు ఈ సభలో కొందరైనా ఉన్నారు కాబట్టి, ఇప్పుడు ప్రశ్నలు అడగొచ్చు.